సుర్మా పెట్టిన కళ్లు

కళ్లను చూసే మిషను వస్తోందని తెలిసిన పొద్దున తాహేరా కళ్లకు సుర్మా దిద్దే భరిణె, సుర్మాదాని కోసం ట్రంకుపెట్టె అడుగుదాకా వెతికింది. మామూలుగా ఆజం శుక్రవారం నమాజుకు వెళ్లేముందు మాత్రమే సుర్మా పెట్టుకుంటాడు. ఆ రోజు శుక్రవారమూ కాదు, పండుగా కాదు. కానీ పట్నం నుంచి ఎవరో పెద్ద చదువుల మనిషి వచ్చి, పాల ట్యాంకరులో స్టీరింగుకు ఎదురుగా కెమెరా బిగించి, తన మొగుడి కళ్లను దారి పొడవునా చూస్తాడంటే ఆమెకు అదేదో పెళ్లిచూపుల తంతులాగే అనిపించింది. ఎర్రగా కమిలి, కింద సంచులు దిగిన ఆ కళ్లను ఉన్నవి ఉన్నట్టు పంపడానికి ఆమెకు మనసొప్పలేదు.

"అజీ, జర కదలకుండ కూసో," అంది చెంబులో నీళ్లతో అతని ముఖం తుడుస్తూ.

"మిషినుకు సోకులెందుకే?"

"మిషినైనా సూసేది కండ్లనే గద. గీ పీక్కపోయిన కండ్లు సూస్తె నిద్రమొకపోడు అనుకుంటది. సుర్మా పెడితె సల్లగుంటయి, సక్కగ గూడ కనవడతయి."

ఆజం కళ్లు మూశాడు. చల్లటి పుల్ల రెప్పల మధ్యనుంచి మెల్లగా జారింది. ఒక కన్ను అయింది. రెండో కంటికి తాహేరా పుల్లను సుర్మాలో ముంచి తెచ్చేసరికి అతని తల గోడకు ఒరిగిపోయింది, నోరు కాస్త తెరుచుకుంది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిద్రపోయాడు. తాహేరాకు ఒక్క క్షణం లేపబుద్ధి కాలేదు. కానీ పాలు ఆగవు కదా. భుజం మీద తట్టి, రెండో కంటికి కూడా పెట్టి, బయటికి పంపింది.

కేతేపల్లి పాలకేంద్రంలో ఉప్పల్ డెయిరీ ట్యాంకరుకు నిన్నమొన్నటిదాకా ఇద్దరు డ్రైవర్లుండేవాళ్లు. పొద్దుటి పాలు ఆజంవి, సాయంత్రం పాలు బషీరువి. చలికాలంలో ఆజం కామెర్లతో మంచం పట్టినప్పుడు రెండు ట్రిప్పులూ బషీరే కొట్టాడు. కొట్టీ కొట్టీ ఒకనాడు తెల్లవారుజామున చిట్యాల దాటాక కల్వర్టు గోడకు గుద్దేశాడు. కాలు విరిగింది. నిద్రపోయాడని చెప్పి కంపెనీ ఆ కాలు అతుక్కునేదాకా కూడా ఆగకుండా అతన్ని తీసేసింది. కామెర్లు తగ్గి ఆజం లేచి వచ్చేసరికి రెండు ట్రిప్పులూ అతని కోసం ఎదురుచూస్తున్నాయి. కొత్త డ్రైవరును పెడతాం, పెడతాం అంటూనే ఎండాకాలం వచ్చేసింది. డ్రైవరును పెట్టాల్సిన చోట చివరికి కెమెరాను పెట్టారు.

కెమెరా తెచ్చినాయన పేరు ఇస్రాయేలు. పట్నంలో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు, సొంతూరు రామన్నపేట పక్కనే. బక్కపలచటి మనిషి, కాలరు చిరిగిన చొక్కా. రాత్రంతా పాలకేంద్రం వరండాలో పడుకుని, కోడి కూయకముందే లేచి పని మొదలుపెట్టాడు. డ్రైవరు సీటు వెనకాల, క్లీనరు నడుం వాల్చే పలక మీద, కంప్యూటరును కొబ్బరిపీచు పరుపులో కూర్చోబెట్టి తాళ్లతో కట్టాడు. అద్దం కింద అరచేతిలో పట్టేంత కెమెరా, దాని పక్కన గిన్నెలాంటి నోరున్న అరిచే బుడ్డ.

"భయపడకు ఆజం అన్నా," అన్నాడు, వైర్లకు టేపు చుడుతూ. "రెప్ప కొడితె ఏం గాదు. రెప్పలు పడి, జరసేపు లేవకపోతెనే అరుస్తది. అరిసినప్పుడల్ల నీ మొఖం ఒక ఫోటో తీసి దాసుకుంటది. నిద్ర వచ్చిన మనిషిని లేపెటందుకే గిది. పట్టిచ్చెటందుకు గాదు."

"మేనేజరు సారు గట్ల చెప్పలే సారూ," అన్నాడు ఆజం.

ఇస్రాయేలు చేతులు ఆగాయి. మళ్లీ టేపు చుట్టసాగాడు. ఇంకా వెలుతురు సరిగా రాలేదు. చీకట్లో మిషనుకు కళ్లు ఆనవట. కాలేజీలో పరీక్షలున్నాయి, ఎల్లుండి డెయిరీకే వచ్చి చూస్తానని చెప్పి ఆయన మొదటి బస్సుకు పరుగెత్తాడు. సుర్మా కళ్లను ఆ మసకలో ఆయన చూసుకోలేదు.

క్లీనరు మారయ్య అప్పటికే ట్యాంకరు మీదికెక్కి మూత తీశాడు. ఆజం కంటే వయసులో పెద్దవాడు, మోకాళ్లు పట్టేసినా ఆ నిచ్చెన మాత్రం పిల్లిలా ఎక్కుతాడు. పైపు లోపలికి వదిలి, నురగ పైకి రాకుండా చూస్తూ, కర్రతో లోతు కొలిచి కిందికి కేకేశాడు. ఆజం చక్రాలను ఇనుపకడ్డీతో కొట్టి చప్పుడు విన్నాడు. కేతేపల్లిలో ట్యాంకరు సగం కూడా నిండదు. రామన్నపేటలో ఇంకొంత, భువనగిరిలో మిగతాది. నిండు ట్యాంకరు నడపడం తేలిక. సగం ట్యాంకరుతోనే చావు. బ్రేకు వేశాక కూడా లోపలి పాలు ముందుకొచ్చి బండిని తోస్తాయి. అందుకే ఈ దారిలో డ్రైవరు కాలు బ్రేకు మీదికి అందరికంటే ముందే పోవాలి.

నకిరేకల్ దాటేదాకా మిషను నోరు మెదపలేదు. పక్క అద్దంలోంచి ఎండ ముఖాన పడగానే ఆజం అలవాటుగా కళ్లు చిట్లించాడు. అంతే, బుడ్డ కీచుమంది. ఆజం ఉలిక్కిపడి కళ్లు పెద్దవి చేశాడు. ఊరుకుంది. మళ్లీ చిట్లించాడు. మళ్లీ కీచుమంది.

"పండుకున్నవా ఏంది?" అన్నాడు మారయ్య పక్కనుంచి.

"నీతోని మాట్లాడుతున్న గద మామా! పండుకున్నోడు మాట్లాడుతడా?"

"మరి గదెందుకు ఒర్రుతాంది?"

ఎందుకు అరుస్తోందో ఇద్దరికీ అంతుపట్టలేదు. రామన్నపేట దాకా అరిచింది, భువనగిరి దాకా అరిచింది. గుట్టమీది కోట కనిపించేసరికి ఆజం మెడనరాలు పట్టేశాయి. కళ్లు విప్పార్చి, విప్పార్చి, నీళ్లు కారుతున్నాయి. ఉప్పల్ దగ్గర డెయిరీ గేటులోకి బండి తిప్పుతుంటే కూడా అది అరుస్తూనే ఉంది. ఆ చప్పుడుకు మేనేజరు రాజలింగం తన గదిలోంచి బయటికొచ్చాడు. మెట్టెక్కి క్యాబిన్‌లో తల పెట్టి, ఎన్నిసార్లు అరిచిందో చెప్పే కంప్యూటరు తెరమీది అంకె చూసి, ముక్కుమీద వేలేసుకున్నాడు.

"ఏమయ్యా ఆజం! దారి పొడుగూత పండుకోనే వచ్చినవా?"

"లేదు సార్. అల్లా మీద ఒట్టు. ఒక్క రెప్ప పడలే."

"నువ్వు అబద్ధమాడతవేమో గని మిషిను ఆడదు గద. బషీరు గూడ గిట్లనే ఒట్లు పెట్టిండు." రాజలింగం గొంతు పెంచలేదు. పెద్దగా అరిచే మనిషి కాదతను. మెత్తగానే మాట్లాడి మెత్తగానే పంపించేస్తాడు. "ఎల్లుండి ఆ ఇస్రాయేలు సారు వస్తడు. ఫోటోలు సూద్దాం. పండుకున్నట్టు తేలితె నేను జేసేది ఏం లేదు. డెయిరీ సేటు ముంగట నాకు మాట రావొద్దు."

నిజంగానే నిద్రపోయి ఉంటే ఇంత కడుపుమండేది కాదు. ఇన్నేళ్లలో అంత మెలకువగా అతను ఏనాడూ బండి నడపలేదు. అటువంటి రోజే నిద్రపోతు అన్న పేరొచ్చింది. ఖాళీ ట్యాంకరు తోలుకుంటూ వెనక్కి వచ్చి, సాయంత్రం పాలు ఎక్కించుకుని మళ్లీ బయల్దేరి, అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరేసరికి, మనిషి పీనుగలా ఉన్నాడు.

సంగతి విన్న తాహేరా తప్పంతా తనమీదే వేసుకుంది. "నిన్న తొందరల సుర్మా సరిగ పెట్టలే నేను," అంది. మర్నాడు పొద్దున ఒకటికి రెండుసార్లు పుల్ల తిప్పి, కొనలు కూడా దిద్దింది. "ఇగ ఎట్ల కనవడవో సూస్త."

ఆ రోజు మిషనుకు పట్టపగ్గాల్లేవు. చిట్లించినా అరుపే, చిట్లించకపోయినా అరుపే. నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం ఆగితే, హోటల్లో కూర్చున్నవాళ్లంతా చుట్టూ చేరి, లోపల కోడిపిల్లలున్నాయా అని అడిగారు. మారయ్య ఓపిక చచ్చిపోయింది. సీటు కింద చేయిపెట్టి, గ్రీజు తుడిచే గుడ్డ తీసి, ఉండచుట్టి, ఆ బుడ్డ నోట్లో కుక్కి, పైన ట్యూబు రబ్బరుతో గట్టిగా కట్టేశాడు.

"మామా, సారు తిడతడు."

"తిడితె నన్ను తిట్టని. దీని పానం తియ్యలే గద, నోరే మూసిన. సారు వచ్చేటాళ్లకు తీసేస్త."

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఒక్కసారిగా బండిలో బండి చప్పుడే మిగిలింది. రామన్నపేటలో పాలెక్కించుకునేటప్పుడు ఆజం తువ్వాలను నల్లా కింద తడిపి, పిండి, తలకు చుట్టుకున్నాడు. నెత్తిమీదనుంచి చల్లదనం మెడలోకి దిగింది. మారయ్య తలుపుకు చెంప ఆనించి అప్పటికే గుర్రుపెడుతున్నాడు. దారి తిన్నగా ఉంది. ఇరుపక్కలా యాసంగి కోతలయిపోయిన మళ్లు. ఎండ తారుమీద నీళ్లలా మెరుస్తోంది. ఇంజను ఒకటే పాట పాడుతోంది.

ఎడమ చక్రం కింద ఏదో పటపటా పగిలినట్టయింది. ఆజం కళ్లు తెరిచాడు. తెరిచాడంటే అప్పటిదాకా మూసి ఉన్నాయన్నమాట. బండి రోడ్డు ఎడమవారకు కొట్టుకుపోతోంది. చక్రాలు వడ్ల మీదున్నాయి. రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పేర్చారు; ఆ రాళ్లే చక్రం కింద పడి అతన్ని లేపాయి. ఎదురుగా, చేయి చాపితే అందేంత దగ్గర, ఒకామె. కొంగు నెత్తికి కప్పుకుని, వంగి, కాళ్లతో వడ్లను తిరగేస్తోంది. ఆజం స్టీరింగును కుడికి లాగేశాడు. సగం పాలు లోపల ఎడమకు కొట్టుకుని బండిని అటే ఈడ్చాయి. అద్దం ఆమె కొంగును తాకిందో, బండి గాలికే కొంగు ఎగిరిందో అతనికి తెలియలేదు.

"నా వడ్లు! నీ బండి మన్నువడ! నా వడ్లన్ని తొక్కిచ్చినవ్ గదరా!" అని వెనకనుంచి ఆమె కేకలు.

మారయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది, ఏమైంది?"

"ఏం లే మామా," అన్నాడు ఆజం. "వడ్లు. రోడ్డంత ఆరబోసిన్రు."

"వీండ్లకు రోడ్డే దొరికింది," అని విసుక్కుని మారయ్య మళ్లీ చెంప తలుపుకు ఆనించాడు. వడ్ల మీదుగా బండి పోవడం ఆ దారిలో వింతేం కాదు. అందరి బండ్లూ తొక్కుతాయి, అందరినీ తిడతారు. ఆమె కూడా వడ్ల కోసమే తిట్టింది. ఎంతలో చావు తప్పిందో పాపం ఆమెకు తెలియనే తెలియదు. లోకంలో ఆ సంగతి తెలిసింది ఆజం ఒక్కడికే.

భువనగిరి వచ్చేదాకా అతను బండిని నడిరోడ్డు వదలనివ్వలేదు.

సాయంత్రం పాలతో మళ్లీ అదే దారిన వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. ఆమె అక్కడే ఉంది. వడ్లను కుప్పగా ఊడ్చి, చెదిరినవాటిని మట్టిలోంచి గింజ గింజా ఏరుతోంది. పక్కన బండరాయి మీద సద్దిగిన్నె. ఆజం బండి నెమ్మది చేశాడు. దిగి ఏం చెప్పాలి? నీ వడ్లు తొక్కించినవాణ్ణి నేనే అనాలా, నిన్నే తొక్కించబోయానని అనాలా? ఆమె తలెత్తి చూసి, దుమ్ము లేపకుండా పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. అతను పోయాడు. ఆ చెయ్యి ఊపడం మాత్రం వెంటే వచ్చింది.

ఇంటికొచ్చి పడుకున్నా కన్ను మూతపడలేదు. ఎక్కడ పడుకోకూడదో అక్కడ ముంచుకొచ్చిన నిద్ర చాప మీద మాత్రం దరిదాపులకు రాలేదు. తెల్లవారకముందే తాహేరా లేచి సుర్మాదాని తీసింది. అతను ముఖం చాపాడు.

మూడోరోజు డెయిరీకి వెళ్లేసరికి ఇస్రాయేలు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పాలు పైపులోకి దిగుతుండగా క్యాబిన్‌లోకెక్కి, ఆజం పక్కన కూర్చుని, కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నాడు. రాజలింగం ఎడమ తలుపు మెట్టుమీద నిలబడ్డాడు. కింద మారయ్య పైపు పట్టుకుని చెవులు మాత్రం పైనే ఉంచాడు. బుడ్డ నోట్లో గుడ్డను గేటు రాకముందే పీకేసి జేబులో దాచుకున్నాడు.

తెరమీద ఆజం ముఖాలు ఒకటొకటిగా వచ్చాయి. అన్నీ నలుపు తెలుపువే. ఇస్రాయేలు వాటిలోకి తొంగిచూస్తూ నొసలు ముడిచాడు.

"కండ్లు తెరిసే ఉన్నయి గద! ఇది గూడ. ఇది గూడ. మరెందుకు అరిసిందిది?" అని ఆజం వైపు తిరిగాడు. మొదటిసారి వెలుతురులో ఆ కళ్లను చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"అన్నా, కండ్లకేం పెట్టినవ్?"

"సుర్మా సారూ. మా ఇంటామె పెట్టింది. మిషిను సూస్తదని జర గట్టిగనే పెట్టింది."

ఇస్రాయేలుకు నవ్వాగలేదు. నవ్వుతూనే తలమీద కొట్టుకున్నాడు. చేతిరుమాలు నీళ్లలో ముంచి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు ఆజం కళ్లు తుడిచాడు. మిషను పెట్టాడు. ఆజంను చిట్లించమన్నాడు, అటూ ఇటూ చూడమన్నాడు. మిషను గమ్మునుంది. కళ్లు మూసుకుని ఉండమన్నాడు. కాసేపటికి కీచుమంది.

"తప్పు నాది సార్," అన్నాడు రాజలింగంతో. నవ్వు పోయింది, సిగ్గుపడ్డాడు. "కంటి తెలుపును చూసి తెరిసినట్టు తెలుసుకుంటది ఇది. చుట్టూత నలుపు పెడితె తెలుపు దొరుకుతలేదు. మా కాలేజి పిల్లల మీదనె చూసిన నేను. సుర్మా సంగతి నా మతికే రాలే. ఆజం అన్న తప్పేం లేదు. గీ ఫోటోలన్ని తప్పుడువే. తుడిచేస్త."

ఆజం గుండెల మీదనుంచి బండ దిగింది. తాహేరా ముఖం కళ్ల ముందు మెదిలింది. ఈ మాట వింటే పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

రాజలింగం కూడా తేలికపడ్డాడు. మెట్టుమీదనే నిలబడి ఆజం భుజం తట్టాడు. "నాకు ముందే తెల్సు. సేటుకు గూడ చెప్పిన, ఆజం అంటె ఉక్కుముక్క, రెండు ట్రిప్పులు ఆయనకు ఒక లెక్క గాదని. ఇగ సేటుకు ధైర్నంగ చెప్పొచ్చు. ఇంకో డ్రైవరు ఎందుకు, మనోడు ఒక్కసారి గూడ పండుకోలేదని మిషినే చెప్పింది. ఏం సారూ?"

ఇస్రాయేలు తెరవైపు తిరిగి ఫోటోలు తుడవడం మొదలుపెట్టాడు. మీట నొక్కుతున్నాడు. ఒక ముఖం పోతోంది, ఇంకో ముఖం వస్తోంది. మొదటిరోజువి అయిపోయాయి. రెండోరోజువి మొదలయ్యాయి. ఆజం ఊరికే చూస్తున్నాడు. తలకు తువ్వాల లేని ముఖాలు వరసగా పోయాయి. తర్వాత తువ్వాల చుట్టుకున్న ముఖం వచ్చింది.

తన నిద్రముఖాన్ని మనిషి ఏనాడూ చూసుకోడు. ఆజం చూశాడు. తల ఒక పక్కకు వాలి ఉంది. కింది దవడ జారింది. సుర్మా గీత ఒకే నల్లటి గీతై, రెప్ప పూర్తిగా పడి ఉంది. ఆ ముఖంలో భయం లేదు, బాధ్యత లేదు, ఎంతో సుఖంగా ఉంది. ఆ ముఖం ముందు, ఫోటోలో లేని చోట, ఒకామె కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. గుడ్డ కుక్కిన నోటితో మిషను అప్పుడు అరిచే ఉంటుంది. నిజం చెప్పిన ఆ ఒక్కసారి దాని మాట ఎవరికీ వినబడలేదు.

ఇస్రాయేలు వేలు మీట మీదికి వెళ్లింది. అతనూ అలసిపోయాడు, ముఖాలన్నీ ఒకలాగే కనిపిస్తున్నాయి. ఆ వేలు కిందికి దిగితే చాలు, అయిపోతుంది. నెలనెలా జీతం ఉంటుంది, ఉక్కుముక్క అన్న పేరుంటుంది. రెండు ట్రిప్పులూ ఉంటాయి. రేపూ ఉంటాయి. ఎల్లుండీ ఉంటాయి.

"ఆగు సారూ," అన్నాడు ఆజం. "గదొక్కటి తుడవకు."

"ఎందుకన్నా?"

"గది నిజం."

కింద పైపులోంచి పాలు గుడగుడమంటున్నాయి. ఆజం తెరవైపే చూస్తూ చెప్పాడు. "నిన్న రామన్నపేట దాటినంక నిద్రవోయిన. వడ్లకాడ రాళ్లు చక్రానికి తగిలితె లేసిన. ఒకామె ఉండె. జరంతల తప్పింది. మారయ్య మామకు గూడ చెప్పలే. బషీరు గూడ గిట్లనే పోయిండు సార్. నాకు పానం బాగలేనప్పుడు నా ట్రిప్పు గూడ ఆయన్నె కొట్టిండు. ఆయనది నిద్ర గాదు సార్, రెండు ట్రిప్పులు."

మారయ్య పైపు వదిలేసి పైకి చూశాడు. చేయి తనకు తెలియకుండానే జేబులోని గుడ్డ మీదికి పోయింది.

రాజలింగం ముఖం ఒక పక్కకు తిప్పుకున్నాడు. "మతి ఉందా నీకు? బతికిపోయినవ్ గద, గమ్మునుండరాదు?" అన్నాడు పళ్ల మధ్యనుంచి. తర్వాత చేతిగడియారం చూసుకున్నాడు. సాయంత్రం పాలు కేతేపల్లిలో తయారుగా ఉంటాయి. ఎండాకాలం, బండి అందకపోతే విరిగిపోతాయి. ఇంకో డ్రైవరు లేడు. అతని ముఖంలో ఈ లెక్కంతా వరసగా కనిపించింది. గొంతు మెత్తబడింది.

"సరే, అయ్యిందేదో అయ్యింది. ఈ సంగతి మన నలుగుర్ల ఉండని. ఇప్పుడు పోయి సాయంత్రం ట్రిప్పు కొట్టుకరా. రేపు పొద్దుగాల మాట్లాడుదం."

ఆజం అతని వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాడు. వెంటనే పొమ్మంటాడనుకున్నాడు. ఈ మాటకు మాత్రం అతను తయారుగా లేడు.

"నిద్రవోయిన అని చెప్పిన గద సార్," అన్నాడు. "ఇనవడలేదా?"

"ఇనవడ్డది. అందుకే జర నెమ్మదిగ నడుపు."

ఆజం బండిలోంచి తాళం తీశాడు. దానికి వేలాడే ఇత్తడి బిళ్ల ఏళ్ల తరబడి అరచేతిలో అరిగి నున్నబడింది. దాన్ని అద్దం కింద, కెమెరాకు ఎదురుగా పెట్టాడు.

"ఇప్పుడు బండి దిగితె మళ్ల గేటు లోపలికి రాకు," అన్నాడు రాజలింగం, ఈసారి మెత్తగా కాదు.

ఆజం దిగాడు. కాళ్లు నేలమీద ఆనాక అవి ఎంత అలిసిపోయాయో తెలిసింది. ఇస్రాయేలు కూడా దిగబోయి, ఆగి, తలుపులోంచి వంగి, "అన్నా, ఇది తుడవను. సేటుకు నేనే చూపిస్త. మిషిను ఒక్కటే పెడితె సాలదని చెప్త," అన్నాడు. ఆ మాటకు ఏమవుతుందో ఆజంకు తెలియదు. తలూపాడు. మారయ్య గేటుదాకా వెంటవచ్చి, అతని తువ్వాల కొనను పట్టుకుని వదిలేశాడు.

మధ్యాహ్నం బస్సులో ఆజంకు డ్రైవరు వెనకాల సీటు దొరికింది. కిటికీకి తల ఆనించాడు. నెలల తర్వాత మొదటిసారి నిద్రపోవచ్చు. ఎవరూ అడ్డం చెప్పరు, ఏదీ అరవదు. తాహేరాకు ఏం చెప్పాలో లేచాక ఆలోచించవచ్చు. పట్నం దాటేసరికి వంట్లో కీళ్లన్నీ వదులయ్యాయి, రెప్పలు బరువెక్కాయి. చివరిసారిగా ఒకసారి ముందుకు చూశాడు. అలవాటు మరి.

డ్రైవరు నెత్తిమీది అద్దంలో డ్రైవరు కళ్లు కనిపించాయి.

కుర్రవాడే, మీసం ఇంకా సరిగా దిద్దుకోలేదు. ఎడమచేత్తో మెడ వెనక గట్టిగా రుద్దుకున్నాడు. కాసేపటికి కాలరు సర్దుకున్నాడు. కిటికీలోంచి ఉమ్మాడు. ఏదో పాట కూనిరాగం తీశాడు. పాట మధ్యలో ఆగిపోయింది. ఆజంకు ఈ వరసంతా తెలుసు. పాట ఆగాక ఏం వస్తుందో కూడా తెలుసు. అద్దంలో రెప్పలు మెల్లగా దిగి, ఉలిక్కిపడి లేచాయి. మళ్లీ దిగసాగాయి. బస్సులో వెనకంతా తలలు ఊగుతున్నాయి. టికెట్లు కొట్టే మనిషి కూడా కడ్డీకి ఒరిగి కునుకుతున్నాడు. ఆ రెప్పలను చూస్తున్నది ఆజం ఒక్కడే.

ఏడుపొచ్చినంత పనైంది అతనికి. ఈ ఒక్కరోజైనా నన్ను పడుకోనియ్యరా అనుకున్నాడు. లేచి, కడ్డీ పట్టుకుని, ముందుకు వెళ్లి ఇంజను మూత మీద కూర్చున్నాడు. కింద వేడి, పిరుదులు కాలుతున్నాయి.

"ఏమూరు బిడ్డా మనది?" అన్నాడు గట్టిగా.

కుర్రవాడు ఉలిక్కిపడ్డాడు. "ఆఁ? సూర్యాపేట."

"ఎప్పుడెక్కినవ్ బండి?"

"నిన్న పొద్దుగాల. నా జాగల వచ్చెటోడు రాలే."

"రాడు," అన్నాడు ఆజం. "పెండ్లి అయిందా?"

కాలేదట. సంబంధాలు చూస్తున్నారట. ఒక పిల్ల నచ్చిందట, ఆ పిల్లకు ఇతను నచ్చలేదట. ఆజం ఒక్కొక్కటీ తవ్వి తవ్వి అడిగాడు. చౌటుప్పల్‌లో ఆపించి, ముఖం కడుక్కోమని, చాయ్ తాగించాడు. చిట్యాల దాటింది, నార్కట్‌పల్లి దాటింది. అడగాల్సినవన్నీ అయిపోతే కామెర్లకు పథ్యం చెప్పాడు, పాలు ఎందుకు విరుగుతాయో చెప్పాడు, సుర్మా సంగతి చెప్పాడు. కుర్రవాడు పగలబడి నవ్వాడు.

"అందుకా నీ కండ్ల కింద గిట్ల నల్లగ పాకింది! నేనింక నువ్వు ఏడ్సినవనుకున్న భాయ్. నీకే నిద్ర లేనట్టు కనవడుతున్నవ్. ఎనకకు పోయి పండుకోరాదు, కేతేపల్లి వస్తె లేపుత."

"నాది ఇంటికి పోయినంక," అన్నాడు ఆజం.

నకిరేకల్ దాటాక మలుపు తిరగగానే, దూరంగా, తారుమీద ఎడమవార పచ్చగా మెరిసింది. అంచున రాళ్లు. నెత్తికి కొంగు కప్పుకుని ఇంకొకామె వంగి ఉంది. ఆజం చెయ్యి అప్పటికే పైకి లేచింది.

"ముంగట వడ్లున్నయి బిడ్డా. మనిషి గూడ ఉన్నది. జర కుడికి పట్టు."

"చూసిన భాయ్," అన్నాడు కుర్రవాడు. "చూసిన."

బస్సు నెమ్మదించి, కుడికి జరిగి, ఆమెను దాటింది. ఆమె తలెత్తలేదు.